గోడ మీద తేదీ నుంచి యాప్‌లో బుకింగ్ దాకా: మన ఇంట్లోకి "మందు కొట్టేవాళ్లు" ఎలా వచ్చారు?

ఇవాళ్టి ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. యుద్ధం మాత్రం ఒకటి ఉంది. ఇంటి లోపల జరిగే యుద్ధం. ఒకవైపు మనం, అవతలివైపు దోమలు, నల్లులు, బొద్దింకలు, చెదలు, ఎలుకలు.

మాది ఖమ్మం జిల్లా తల్లాడ. ఈ వీడియో చూస్తున్న మా ఏరియా పిల్లలు చాలామంది ఇప్పుడు ఊళ్లో లేరు. అమీర్‌పేట హాస్టల్లోనో, కూకట్‌పల్లి ఫ్లాట్‌లోనో, ఖమ్మంలో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్‌లోనో ఉన్నారు. అక్కడ కిచెన్‌లో బొద్దింక కనిపిస్తే ఏం చేస్తున్నాం? ఫోన్ తీసి యాప్ ఓపెన్ చేస్తున్నాం. టూ బీహెచ్‌కేకి ఇంత, త్రీ బీహెచ్‌కేకి ఇంత అని రేటు ఉంటుంది. టైం స్లాట్ పెట్టుకుంటాం. పంపు పట్టుకుని ఒకతను వస్తాడు, కాసేపట్లో కొట్టేసి వెళ్లిపోతాడు. మనం ఫైవ్ స్టార్లు ఇచ్చేస్తాం. అయిపోయింది.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. అతను మీ ఇంట్లో కొట్టిన మందు పేరేంటి?

కావాలంటే వీడియో పాజ్ చేసి ఆలోచించండి. చాలామందికి తెలీదు. "వాసన రాని మందు అన్నాడు", "హెర్బల్ అన్నాడు" అంటారు. అది పేరు కాదు కదా.

మన తాతల కాలంలో ఈ ప్రశ్నకి జవాబు ఇంటి గోడ మీదే రాసి ఉండేది. ఏ మందు కొట్టారు, ఏ తేదీన కొట్టారు, ఎన్ని గదుల్లో కొట్టారు, అన్నీ. ఆ రాత ఎలా వచ్చింది, ఎలా పోయింది, పోతే మనకేంటి నష్టం? ఇవాళ్టి కథ ఇదే.

పంపు రాకముందు

పురుగులతో పోరు కొత్తదేం కాదు. మందులు రాకముందు ఎవరింటి పని వాళ్లే చేసుకునేవాళ్లు. నులక మంచంలో నల్లులు పడితే మండుటెండలో వేసి, సలసలా కాగే నీళ్లు పోసేవాళ్లు. దోమలకి వేపాకు పొగ. బియ్యంలో వేపాకు, గింజల్లో వావిలాకు. కందులకి ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి దాచేవాళ్లు. ఇవన్నీ పురుగుని పూర్తిగా చంపేవి కాదు, దూరంగా ఉంచేవి. "పొమ్మనలేక పొగపెట్టినట్టు" అనే సామెత ఊరికే రాలేదు.

అయితే డబ్బులిచ్చి మనిషిని పెట్టుకునే పని ఒకటి అప్పటికే ఉంది. అది ఎలుకలు పట్టడం. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి పొలాల్లో ఎలుకలు విపరీతం. వాటిని పట్టడంలో యానాదులది తరతరాల నేర్పు. బొరియ చూసి లోపల ఎలుక ఉందా లేదా చెప్పేస్తారు. కుండలో గడ్డి ముట్టించి బొరియలోకి పొగ ఊదుతారు. వెదురుతో చేసిన బుట్టలు రాత్రి పొలంలో పెట్టి పొద్దున్నే తీస్తారు. కూలి ఎలా ఇచ్చేవాళ్లో తెలుసా? ఎలుకకి ఇంత అని. పట్టినవి రైతు కళ్లముందు పెట్టి, లెక్కపెట్టి, డబ్బు తీసుకునేవాళ్లు.

ఈ "లెక్క" అనే మాట గుర్తుపెట్టుకోండి. మన తెలుగు నేల మీద పెస్ట్ కంట్రోల్ అనే వృత్తికి పాత రూపం ఇదే అనుకుంటే, అందులో ఏం వాడారో, ఎంత పని జరిగిందో ఇద్దరికీ తెలుసు. దాచడానికి ఏమీ లేదు.

దోమ దొరికిన చోటు

ఇక సర్కారు ఈ పనిలోకి ఎందుకు దిగింది? జబ్బుల వల్ల. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. ఎలుక మీద ఉండే గోమారి లాంటి చిన్న పురుగు ద్వారా మనుషులకి అంటుతుందని 1898లో పాల్ లూయీ సైమండ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ కరాచీలో కనిపెట్టాడు. దక్కన్‌లో ప్లేగు అంటే ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలేసుకున్న రోజులవి. హైదరాబాద్‌లో 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీలని తీసేసి, వెడల్పు రోడ్లు, గాలి వచ్చే ఇళ్లు కట్టడం మొదలుపెట్టింది. దాని వెనక 1908 మూసీ వరద ఉంది, ప్లేగు భయమూ ఉంది.

మలేరియా సంగతికొస్తే, ప్రపంచ చరిత్రలో పెద్ద సీన్ మన సికింద్రాబాద్‌లోనే జరిగింది. 1897 ఆగస్టు 20న, బేగంపేటలో, రోనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టర్ దోమ పొట్ట కోసి మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే అందులో మలేరియా క్రిమి కనిపించింది. ఆ దోమలకి రక్తం ఇచ్చింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి. కుట్టించుకున్న ఒక్కో దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారని చెప్తారు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ఇవాళ్టికీ ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు. ఆ బిల్డింగ్ ఇప్పటికీ ఉంది, ఉస్మానియా యూనివర్సిటీ చేతిలో. బేగంపేట వైపు వెళ్తే చూడండి.

అంతకుముందు మన వైపు ఈ జ్వరానికి అడవే కారణం అనుకునేవాళ్లు. మన్యం జ్వరం అనేవాళ్లు. భద్రాచలం ఏజెన్సీకి ట్రాన్స్‌ఫర్ అంటే పాత ఉద్యోగులకి వణుకు. కారణం అడవి గాలి కాదు, దోమ అని తేలాక అసలు ప్రశ్న వచ్చింది. ఇంటింటికీ ఉన్న దోమని ఎలా చంపుతాం?

1953: సర్కారు ఇంట్లోకొచ్చింది

దానికి జవాబు డీడీటీ. ఆ రసాయనాన్ని 1874లోనే తయారుచేశారు కానీ అది పురుగుల్ని చంపుతుందని 1939లో పాల్ ముల్లర్ అనే స్విస్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఆయనకి 1948లో నోబెల్. దీని స్పెషాలిటీ ఏంటంటే, గోడకి కొడితే నెలల తరబడి అక్కడే ఉంటుంది. మలేరియా దోమ రక్తం తాగాక బరువెక్కి దగ్గర్లోని గోడ మీద వాలి రెస్ట్ తీసుకుంటుంది. ఆ గోడే దానికి చావు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా దాదాపు 7.5 కోట్ల మలేరియా కేసులు, 8 లక్షల చావులు అని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మా ఖమ్మం జిల్లా పుట్టింది కూడా ఆ ఏడాదే, వరంగల్ నుంచి విడిపోయి. భద్రాచలం 1959లో తూర్పు గోదావరి నుంచి వచ్చి కలిసింది. డీడీటీని దేశంలోనే తయారుచేయడానికి 1954లో హిందుస్థాన్ ఇన్సెక్టిసైడ్స్ అనే ప్రభుత్వ కంపెనీ పెట్టారు. 1958లో పేరు, టార్గెట్ రెండూ మారాయి. నియంత్రణ కాదు, నిర్మూలన అన్నారు.

ఊళ్లో ఇది ఎలా ఉండేదో ఊహించుకోండి. ఐదారుగురు మనుషుల జట్టు వస్తుంది. బకెట్లో పెట్టి కొట్టే స్టిరప్ పంపు. ఒకడు పంపు కొడుతుంటే ఒకడు గొట్టం పట్టుకుని గోడ మీద పైనుంచి కిందకి చారలు చారలుగా కొడతాడు. ముందే ఊళ్లో చెప్పేవాళ్లు, గిన్నెలు బయట పెట్టుకోండి, మంచాలు, గాబులు కప్పుకోండి అని. చదరపు మీటరుకి ఒక గ్రాము మందు, ఏడాదికి రెండు విడతలు. కొట్టడం అయిపోయాక గోడ మీద రాసేవాళ్లు. మందు పేరు, ఎన్నో విడత, తేదీ, ఇంట్లో ఎన్ని గదులుంటే ఎన్నింట్లో కొట్టారు.

ఆ రాత ఎందుకు? అలంకారానికి కాదు. వెనక ఇన్‌స్పెక్టర్ వచ్చి చెక్ చేయడానికి. ఇంటాయనకి కూడా తెలియడానికి. ఫీజు లేదు, రేటింగ్ లేదు. గోడే రసీదు.

ఫలితం? 1965కి దేశంలో కేసులు లక్ష దగ్గరికి పడిపోయాయి. చావులు లేవని రికార్డుల్లో రాశారు. ఏడున్నర కోట్ల నుంచి లక్షకి!

కానీ కథ అక్కడ ఆగలేదు. జనానికి విసుగొచ్చింది. డీడీటీకి అలవాటు పడిపోయిన నల్లులు చావడం మానేశాయి. "మందు కొడితే నల్లులు ఇంకా ఎక్కువవుతున్నాయి" అని తలుపులేసుకున్నవాళ్లు ఉన్నారు. పూజగదిలోకి, వంటింట్లోకి రానివ్వని వాళ్లు ఉన్నారు. పైగా మన అలవాటు తెలుసుగా, పండగొస్తే ఇల్లు అలకాల్సిందే, సున్నం వేయాల్సిందే. అలికితే మందు మట్టి కింద పడిపోయింది. దోమలూ అలవాటు పడ్డాయి. పైన నిధులూ శ్రద్ధా తగ్గాయి. 1976లో కేసులు మళ్లీ 64 లక్షలు దాటాయి. భద్రాచలం ఏజెన్సీలో అయితే ఆ పోరు మన కాలం దాకా వచ్చింది. డీడీటీ పోయి వేరే మందులు వచ్చాయి, మందు పట్టించిన దోమతెరలు వచ్చాయి. అక్కడ గోడ మీద రాసే పద్ధతి కూడా కార్యక్రమంలో అలాగే ఉంది.

బొద్దింక ప్రైవేట్ అయింది

పట్నంలో కథ వేరే దారి పట్టింది. ఇక్కడ జాగ్రత్తగా వినండి, మన పాయింట్ ఇక్కడే ఉంది.

సర్కారుకి కావాల్సింది మలేరియా దోమ. బొద్దింకతో దానికి పని లేదు, నల్లితో పని లేదు, చెదలతో అసలే లేదు. ఇవాళ్టికీ మున్సిపాలిటీ వాళ్లు వచ్చి కాలువలో మందు పోస్తారు, వీధిలో పొగ వదులుతారు. మీ కిచెన్ కప్‌బోర్డు మీ సొంత సమస్య. ఆ ఖాళీలోకి వ్యాపారం వచ్చింది. మొదట చేతిపంపు, ఇప్పటికీ మన పెద్దవాళ్లు "ఫ్లిట్ కొట్టు" అంటారు, అది 1923లో అమెరికాలో వచ్చిన బ్రాండ్ పేరు. తర్వాత గీత గీసే చాక్‌పీసులు, కాయిల్స్, స్ప్రే డబ్బాలు. ఇంటికొచ్చి చేసే కంపెనీలూ పాతవే. పెస్ట్ కంట్రోల్ ఇండియా 1954లో బొంబాయిలో మొదలైంది. అంటే సర్కారు డీడీటీ కంపెనీ, ఈ ప్రైవేట్ కంపెనీ ఒకే ఏడాది పిల్లలు.

అపార్ట్‌మెంట్లు వచ్చాక గిరాకీ పెరిగింది. ఎందుకంటే అపార్ట్‌మెంట్ అంటే పురుగు దృష్టిలో ఒకటే పెద్ద ఇల్లు. డ్రైనేజీ పైపు ఒకటే, వైర్లు పోయే షాఫ్ట్ ఒకటే. మీ ఫ్లాట్‌లో కొడితే 302 నుంచి 402కి పోతాయి. నెల తర్వాత తిరిగొస్తాయి. హాస్టల్ నల్లుల సంగతి మీకు నేను చెప్పాలా? ఒకడి ట్రంకుపెట్టెలో ఎక్కి ఇంకో హాస్టల్లో దిగుతాయి.

మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లోనూ ఆ మధ్య ఒక మెసేజ్ వచ్చింది. "ఆదివారం పెస్ట్ కంట్రోల్, అందరూ సహకరించగలరు" అని. ఫ్లాట్‌కి ఎంతో ఉంది, ఎవరికి ఫోన్‌పే చేయాలో ఉంది. మందు పేరు లేదు. చంటిపిల్లలు ఉన్నవాళ్లు ఎన్ని గంటలు బయట ఉండాలో లేదు. 70 ఏళ్ల కింద పల్లెటూరి మట్టిగోడ మీద ఉన్న సమాచారం, ఇవాళ మన స్మార్ట్‌ఫోన్ మెసేజ్‌లో లేదు. అది చూశాకే ఈ ఎపిసోడ్ చేయాలనిపించింది.

చట్టం ఎందుకొచ్చింది?

మరి దీనికి చట్టం లేదా? ఉంది. అదీ చావుల్లోంచే పుట్టింది. 1958లో కేరళలో వందమందికి పైగా చనిపోయారు. ఓడలో తిండి సరుకుల పక్కన పారాథియాన్ అనే పురుగుమందు పెట్టారు. అది కారి తిండిలో కలిసింది. ఆ తర్వాత విచారణలు, కమిటీలు. చివరికి 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది, 1971లో రూల్స్ వచ్చాయి.

దాని ప్రకారం డబ్బులు తీసుకుని ఇళ్లల్లో మందు కొట్టే వ్యాపారానికి లైసెన్స్ ఉండాలి. పంపు కొనుక్కున్న ప్రతివాడూ పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ కాడు. దానికి తగిన చదువు, గుర్తింపు ఉన్న సంస్థలో ట్రైనింగ్ కావాలి. అలాంటి ట్రైనింగ్ ఇచ్చే జాతీయ సంస్థ ఒకటి మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే ఉంది, పేరు ఎన్‌ఐపీహెచ్‌ఎం.

ఇంకొకటి. ప్రతి మందు డబ్బా మీద డైమండ్ ఆకారంలో గుర్తు ఉంటుంది. కింద సగంలో రంగు చూడండి. ఎరుపు అంటే అత్యంత విషం. తర్వాత పసుపు, నీలం. ఆకుపచ్చ అంటే వీటన్నిటికంటే తక్కువ విషం. తక్కువ విషం అన్నాను, విషం కాదు అనలేదు. చదువు రానివాడికి కూడా అర్థం కావాలని పెట్టిన గుర్తు అది. కానీ మన ఇంటికొచ్చే మందు డబ్బాలో రాదు కదా! కలిపేసి, పంపులో పోసుకుని, లేదా లేబుల్ లేని ప్లాస్టిక్ బాటిల్లో వస్తుంది. గుర్తు షాపులోనే ఆగిపోయింది.

కుండ్రత్తూరు

ఇది చెప్పడం కష్టం, కానీ చెప్పాలి. 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో ఒక కుటుంబం ఎలుకల కోసం పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిపించుకుంది. వాళ్లు ఇంట్లో మందు పెట్టి వెళ్లారు. ఆ రాత్రి అందరూ ఏసీ గదిలో పడుకున్నారు. పొద్దున్నకి అందరూ ఆస్పత్రిలో. ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. పోలీసులు ఆ కంపెనీ వాళ్ల మీద కేసు పెట్టారు.

ఇలాంటి వార్త విన్నప్పుడు మనందరికీ తెలియాల్సిన పేరు ఒకటి ఉంది. అల్యూమినియం ఫాస్ఫైడ్. మా ఖమ్మం వైపు గోడౌన్లలో పనిచేసినవాళ్లకి బాగా తెలుసు. బస్తాల మీద టార్పాలిన్ కప్పి, అంచులు మూసి, లోపల బిళ్లలు పెడతారు. గాలిలో తేమ తగిలితే చాలు, ఆ బిళ్ల ఫాస్ఫిన్ అనే గ్యాస్ అవుతుంది. ఆ గ్యాస్‌కి విరుగుడు మందు లేదు. అందుకే దీన్ని మామూలు జనానికి అమ్మకూడదు. ప్రభుత్వ సంస్థలకీ, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే ఆపరేటర్లకీ మాత్రమే ఇవ్వాలని రూల్. గోడౌన్‌లో మనుషులు పడుకోరు. మూసేస్తారు, బోర్డు పెడతారు, తర్వాత తెరిచి గాలి ఆడనిచ్చి లోపలికెళ్తారు. అదే బిళ్ల మనుషులు పడుకునే ఇంట్లోకి వస్తే? తలుపులేసి, ఏసీ వేసిన గది అంటే గోడౌన్ టార్పాలిన్ కిందికీ దానికీ తేడా ఏముంది?

"ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు" అని మన సామెత. సామెతలో నిప్పు కనిపిస్తుంది, గ్యాస్ కనిపించదు.

సరే, మనం ఏం చేయాలి?

భయపెట్టడానికి ఈ వీడియో చేయలేదు. పెస్ట్ కంట్రోల్ వద్దని కూడా అనను. నల్లులతో నిద్ర లేకుండా బతకమని ఎవరం చెప్తాం? చెదలు కట్టిన తలుపు పండగలోపు పౌడర్ అయిపోతుంది. పని చేయించుకోవాల్సిందే. పాత గోడ మీద ఉన్న నాలుగు విషయాలు కొత్త పద్ధతిలో అడుగుదాం, అంతే.

మొదటిది, మందు పేరు. బ్రాండ్ కాదు, లోపలున్న రసాయనం పేరు. "మిక్స్ సార్, మా సీక్రెట్" అంటే పంపించేయండి. డబ్బా చూపించమనండి, డైమండ్ రంగు చూడండి, ఫోటో తీసుకోండి. మీకేమైనా అయితే డాక్టర్ మొదట అడిగేది అదే.

రెండోది, లైసెన్స్ కాపీ. వాట్సాప్‌లో పెట్టమనండి. ఉన్నవాడు వెంటనే పెడతాడు.

మూడోది, ఎక్కడెక్కడ, ఎంత. బొద్దింకలకి ఇప్పుడు జెల్ ఉంది. తలుపు బంధాల దగ్గర, సింక్ కింద చుక్కలు పెడతారు, ఇల్లంతా తడపాల్సిన పనిలేదు. చెదలకి పునాది దగ్గర, గోడ అంచుల్లో చేసే పద్ధతికి బీఐఎస్ ప్రమాణమే ఉంది, ఐఎస్ 6313. కొత్త ఫ్లాట్ కొంటుంటే కట్టేటప్పుడు అది చేశారా అని బిల్డర్‌ని అడగండి. ఎలుకలకి ముందు కన్నాలు మూయడం, బోను పెట్టడం. పడుకునే గదిలో గ్యాస్ వచ్చే బిళ్లలు, పొడి పెడతామంటే ఒప్పుకోకండి.

నాలుగోది, తేదీ, టైం. ఎన్ని గంటలు బయట ఉండాలి, ఎప్పుడు కిటికీలు తీయాలి, మళ్లీ ఎప్పుడు కొట్టాలి. కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. అపార్ట్‌మెంట్ అయితే నోటీస్ బోర్డు మీద అంటించండి. పక్క ఫ్లాట్‌లో ఉబ్బసం ఉన్న పెద్దాయన ఉండొచ్చు, పైన బాలింత ఉండొచ్చు. గోడ మనది, గాలి అందరిది.

మందు కొట్టాక తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తే "వాసనకి అలానే ఉంటుందిలే" అనుకోకండి. ముందు బయటికి రండి, 108కి ఫోన్ చేయండి.

ఒక్క మాట ఆ పంపు పట్టుకుని వచ్చే కుర్రాడి గురించి కూడా. మీరు ఆ గాలి ఒక్కరోజు పీలుస్తారు, అతను రోజూ పీలుస్తాడు. చేతులకి గ్లవ్స్, ముఖానికి సరైన మాస్క్ లేకుండా వస్తే అతనిదే తప్పనుకోకండి, పంపిన కంపెనీని అడగండి. యానాది వేటగాడికి ఎలుకకి ఇంత అని కళ్లముందు లెక్క ఉండేది. ఇతనికి రోజుకి ఇన్ని ఇళ్లు అని టార్గెట్ ఉంటే, జాగ్రత్త ఎక్కడ మిగులుతుంది?

మొత్తం మీద ఈ కథలో నాకు అర్థమైంది ఇది. 1953 నాటి కార్యక్రమం గొప్పదే కానీ లోపాలు లేనిది కాదు. డీడీటీ వల్ల నేలకీ పక్షులకీ జరిగిన నష్టం తర్వాత బయటపడింది, 1989లో మన దేశంలో వ్యవసాయంలో దాన్ని ఆపేశారు. ఆ మందు మళ్లీ రావాలని నేననడం లేదు. కానీ ఆ జట్టు ఒక మంచి పని చేసింది. ఇంటాయనకి చదువు వచ్చినా రాకపోయినా, మీ ఇంట్లో మేం ఇది చేశాం అని గోడ మీద రాసి వెళ్లింది. డబ్బులు ఇవ్వని మనిషికి అప్పుడు దక్కిన ఆ మర్యాద, డబ్బులిచ్చే మనకి ఇప్పుడు దక్కాలి కదా?

మీ ఊళ్లో పాత ఇళ్ల గోడల మీద, తలుపుల మీద ఆ డీడీటీ రాతలు ఎక్కడైనా మిగిలి ఉంటే ఫోటో తీసి కామెంట్లలో ఊరి పేరుతో పెట్టండి. సున్నం వేయకముందే తీయండి. మీ అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో ఈసారి పెస్ట్ కంట్రోల్ మెసేజ్ వస్తే కింద ఒకే ఒక్క లైన్ టైప్ చేయండి: "మందు పేరేంటండీ?" వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.